ఆంధ్ర ఈసారి ఏ గ్రూపులో ఉంది?

నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా ఐపీఎల్ గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. రంజీ ట్రోఫీని పట్టించుకునేవాళ్లను మాత్రం వెతుక్కోవాలి. దొరికిన ఆ కొద్దిమందీ దసరా వెళ్లగానే ఒకరినొకరు అడిగేది ఒకటే: ఆంధ్ర ఈసారి ఏ గ్రూపులో ఉంది? నిరుటి జవాబు ఈ ఏటికి చెల్లడం అరుదు. గ్రూపు మారుతుంది, గ్రూపుల సంఖ్య మారుతుంది, ఎన్ని మ్యాచ్‌లన్నది మారుతుంది, ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగుస్తుందన్నదీ మారుతుంది. ఒకప్పుడు దక్షిణ జోన్, తర్వాత ఎలైటూ ప్లేటూ, ఆ తర్వాత ఎ, బి, సి, ఇప్పుడు మళ్లీ ఎలైటులోనే నాలుగు ముక్కలు. జట్టు ఎలా ఆడిందన్న చర్చకు ముందు ఎవరెవరితో ఆడుతోందో తెలుసుకోవడానికే అభిమాని ఓపిక సగం ఖర్చవుతుంది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి విసుగే కొన్నేళ్లుగా పెద్ద గొడవైంది. 1890 నుంచి నడుస్తున్న కౌంటీ చాంపియన్‌షిప్‌ను 2000లో రెండు డివిజన్లుగా చీల్చారు. 2003లో ట్వంటీ20 తెచ్చారు. 2021లో వంద బంతుల 'ది హండ్రెడ్' పేరుతో ఎనిమిది నగర జట్లను సృష్టించి, వేసవి నడినెలను వాటికి రాసిచ్చారు. నాలుగు రోజుల ఆట చలి ఏప్రిల్‌కూ, పొద్దు తగ్గే సెప్టెంబరుకూ జరిగింది. సోమర్సెట్‌కో కెంట్‌కో తరతరాలుగా చందా కట్టిన పెద్దవాళ్లు మా ఆటను మా దగ్గర్నుంచి లాక్కున్నారని వాపోతున్నారు. ఆ బాధ పల్నాటి అభిమానికి వేరే చెప్పనక్కర్లేదు. తేడా అల్లా అడిగే హక్కులో ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

మన దేశవాళీ ఆట పుట్టుకలోనే ఆ కౌంటీ వాసన ఉంది. రంజిత్‌సింహ్‌జీ ససెక్స్ కౌంటీకి ఆడి, 1896లో ఇంగ్లండ్ టెస్టు జట్టులోకి వెళ్లిన నవానగర్ రాజు. ఆయన 1933లో పోయారు. మరుసటి ఏడాది సిమ్లాలో బోర్డు పెద్దలు జాతీయ పోటీ పెట్టాలని తీర్మానిస్తే, పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ ఆ పేరు మీద బంగారు కప్పు ఇస్తానన్నాడు. అక్కడ మన తెలుగు రాజుగారొకరు అడ్డం తగిలారు. విజయనగరం రాజకుటుంబానికి చెందిన 'విజ్జీ', వైస్రాయ్ వెల్లింగ్డన్ పేరు పెట్టించాలని తెగ పాకులాడారు. చివరికి రంజీ పేరే నిలిచింది. విజ్జీ 1936లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లి ఏం వెలగబెట్టారో ఇక్కడ అప్రస్తుతం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ పోటీకి పేరు పెట్టేనాటి నుంచే నిర్ణయాలు దర్బారుల్లో జరిగాయి, జనం మధ్య కాదు.

తొలి మ్యాచ్ 1934 నవంబరు 4న మద్రాసు చేపాక్‌లో మద్రాసుకూ మైసూరుకూ జరిగింది. ఏ.జి. రామ్‌సింగ్ పదకొండు వికెట్లు పడగొడితే అది ఒక్కరోజులోనే ముగిసిపోయింది. అప్పటి పద్ధతి నాకౌట్. ఓడితే ఇంటికే. అంటే ఒక జట్టుకు ఏడాది మొత్తానికి ఒక్క మ్యాచే దక్కవచ్చు. గుంటూరు జిల్లాలో అంతర్భాగంగా ఉన్న పల్నాడు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది కాబట్టి, మనవాడు ఆడాలన్నా మద్రాసు జట్టుకే ఆడాలి. మద్రాసు క్రికెట్‌కు ఆద్యుడని చెప్పుకునే బుచ్చిబాబు నాయుడు తెలుగువాడేనన్న సంగతి పట్నంలో ఉన్నవాళ్లకు గర్వకారణం కావచ్చు. గురజాల కుర్రాడికి మాత్రం చేపాక్ చాలా దూరం.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే ఏడాది ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టింది, 1953–54లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. ఆ తొలి సీజన్లో సారథి ఎవరో తెలుసా? భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు. పుట్టి పెరిగింది నాగపూర్, పేరు తెచ్చుకుంది హోల్కర్ జట్టులో, అప్పటికి వయసు యాభై ఎనిమిది. ఇంటి భాష తెలుగు కనుక కొత్త జట్టుకు ముందు నిలబడ్డాడు. ఆరంభం అంత ఘనంగా జరిగిన జట్టుకు ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు చెప్పుకోదగ్గ విజయాలు లేకపోవడం చరిత్ర వేసిన చలోక్తి అనుకోవాలి.

1956లో హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ వచ్చి కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. రాష్ట్రం ఒకటైనా క్రికెట్ జట్లు రెండుగానే ఉండిపోయాయి. 2014లో రాష్ట్రం మళ్లీ రెండైనప్పుడు క్రికెట్ పటంలో ఒక్క గీత కూడా కదలలేదు, ఎందుకంటే ఆ గీత అక్కడ ముందే ఉంది. మాచర్ల దాటి నాగార్జునసాగర్ ఆనకట్ట మీద నిలబడితే ఇటు ఒడ్డు ఆంధ్ర జట్టుది, అటు నల్లగొండ ఒడ్డు హైదరాబాద్ జట్టుది. రాజకీయ పటాలు ఎన్నిసార్లు మారినా మారకుండా మిగిలింది ఈ రంజీ సరిహద్దు ఒక్కటే.

1957–58లో జోన్ల పద్ధతి వచ్చింది. నాకౌట్ స్థానంలో జోన్ లోపల లీగ్ మ్యాచ్‌లు. దక్షిణాన మద్రాసు, మైసూరు, హైదరాబాద్, ఆంధ్ర, కేరళ. చాలా తర్వాత 1985–86 నుంచి గోవా. దాదాపు నలభై అయిదేళ్లు ఈ చట్రమే నిలిచింది. పాత అభిమానులు నిట్టూర్చేది దీని గురించే. ఆ నిట్టూర్పులో నిజముంది. అయిదు జట్లు ఏటా తమలో తామే ఆడుకుంటే ఎదుటివాళ్లు కొద్దికాలానికే బంధువుల్లా అయిపోతారు. ఫలానా బౌలర్ మనవాళ్లను ఎప్పుడూ ఎలా ఇబ్బంది పెడతాడో, ఫలానా బ్యాట్స్‌మన్ ఏ బంతికి దొరుకుతాడో పేపరు చదివేవాడికీ తెలుసు. హైదరాబాద్‌తో మ్యాచ్ అంటే ఒక పందెం, కేరళతో అంటే పరువు, మద్రాసుతో అంటే పాత ఇంటి యజమానితో లెక్క తేల్చుకోవడం. రేడియోలో ఒక్క ముక్క, మర్నాడు పేపర్లో సన్నటి అక్షరాల స్కోరు, అవి చాలేవి. ఎందుకు చాలేవంటే మిగతా కథ జ్ఞాపకంలోనే ఉండేది కాబట్టి.

కానీ ఆ చట్రం ఆంధ్రకు ఎంత మేలు చేసిందన్నది వేరే మాట. 1969–70 వరకు జోన్‌కు ఒక్క జట్టే నాకౌట్‌కు వెళ్లేది. 1970–71 నుంచి రెండు. 1992–93 నుంచి మూడు. దక్షిణ జోన్‌లో ఆ రెండు, మూడు స్థానాలకు మద్రాసు, కర్ణాటక, హైదరాబాద్ కాపలా కాసేవి. 1958–59 నుంచి 1972–73 వరకు వరుసగా పదిహేనేళ్లు బొంబాయే చాంపియన్. అంటే మనం జోన్ గడప దాటడమే కష్టం, దాటినా అవతల ఉన్నది ఆ బొంబాయి. అడుగున కేరళా మేమూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ గడిపేవాళ్లం. కేరళవాళ్లు 2024–25లో ఫైనల్‌దాకా వెళ్లి, విదర్భకు దక్కిన మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం వల్ల ఓడారు. ఆ పాత పొరుగువాడి ఎదుగుదల చూసి ఇక్కడ కొందరికి సంతోషమూ, కాస్త అసూయా కలిగి ఉంటాయి.

జోన్ రోజుల గాయం ఒకటి మానలేదు. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో హైదరాబాద్ మన మీద ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. రంజీలో అంత పెద్ద స్కోరు అంతకుముందు లేదు, తర్వాతా లేదు. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జైసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఆ ఇన్నింగ్స్‌లో బంతి వెంట పరుగెత్తిన ఆంధ్ర ఫీల్డర్లను తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు లాగుతాయి. జోన్ పద్ధతిని ఎవరైనా మరీ పొగుడుతుంటే ఆ స్కోరు గుర్తు చేయాలి. ఒకే బలవంతుడి చేతుల్లో ఏటేటా దెబ్బలు తినడం కూడా ఆ 'సంప్రదాయం'లో భాగమే.

2002–03లో జోన్లు పోయి ఎలైట్, ప్లేట్ అన్న రెండు అంతస్తులు వచ్చాయి. బాగా ఆడితే పైకి, లేకపోతే కిందికి. ఇంగ్లండ్ రెండేళ్ల ముందు చేసినదే. ఈ మార్పును నేను తప్పు పట్టను. సమ ఉజ్జీలతో ఆడితేనే ఎవరి స్థాయి ఏమిటో తెలుస్తుంది. పెద్ద జట్ల పరువు కూడా ఈ నిచ్చెన మీద తూగింది. 1937–38లోనూ, 1986–87లో ఎం.వి. నరసింహారావు సారథ్యంలోనూ చాంపియన్ అయిన హైదరాబాద్, 1999–2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క సీజన్లో 1415 పరుగులు చేసి ఫైనల్‌దాకా లాక్కెళ్లిన హైదరాబాద్, 2010 నవంబరులో జైపూర్‌లో ప్లేట్ మ్యాచ్ ఆడుతూ 21 పరుగులకే కుప్పకూలింది. తొలి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. రంజీ చరిత్రలో అత్యధిక స్కోరూ అత్యల్ప స్కోరూ రెండూ మా పొరుగువాళ్లవే. ఆ మ్యాచ్ గెలిచిన రాజస్థాన్ ప్లేట్‌లో మొదలుపెట్టి ఆ ఏడాది ఏకంగా టైటిలే కొట్టేసింది. నాకౌట్‌కు కింది అంతస్తు నుంచి తలుపు తెరిచి ఉంచారు కాబట్టి ఆ కథ సాధ్యమైంది. ఇలాంటి తలుపులుంటే ఏ అభిమానీ మార్పు మీద అలగడు.

అలక మొదలైంది ఆ తర్వాత, మార్పు అలవాటుగా మారాక. 2012–13లో ఎ, బి, సి గ్రూపులు పెట్టారు. ఆంధ్ర 2014–15లో సి గ్రూపు నుంచి క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. ఆ సీజన్లోనే, 2015 ఫిబ్రవరిలో, ఒంగోలు మైదానంలో కె.ఎస్. భరత్ గోవా మీద 308 చేశాడు. రంజీలో ఒక వికెట్‌కీపర్ మూడు వందలు కొట్టడం అదే మొదటిసారి. వినుకొండ నుంచి బస్సెక్కితే కొద్ది గంటల్లో చేరే ఊళ్లో ఇంత జరిగితే, మర్నాడు పేపర్లో చూసి నోరు తెరిచినవాళ్లే మాలో ఎక్కువ. ఎక్కడ ఏ మ్యాచ్ జరుగుతోందో ముందుగా చెప్పే నాథుడుంటే కదా.

2016–17లో తటస్థ వేదికలన్నారు. సొంత ఊళ్లో పిచ్‌ను తమకు కావలసినట్టు తయారు చేసుకుంటున్నారన్న ఫిర్యాదుకు విరుగుడుగా, ఏ జట్టూ సొంతగడ్డ మీద ఆడకూడదన్నారు. మన రాష్ట్రంలోని మైదానాల్లో ఎవరో ఎవరితోనో ఆడుతుంటే, ఆంధ్ర ఇంకెక్కడో ఆడింది. పిచ్ సంగతేమో గానీ, చూసేవాడనేవాడు ఒకడుంటాడన్న సంగతిని ఆ ఏడాది పూర్తిగా మర్చిపోయారు. మరుసటి ఏడాదే ఆ పద్ధతి ఎత్తేశారు. 2017–18లో 28 జట్లను ఏడేసి చొప్పున నాలుగు గ్రూపులు చేశారు, లీగ్ మ్యాచ్‌లు ఆరుకు తగ్గాయి. 2018–19లో బీహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి, ఈశాన్య రాష్ట్రాలు చేరి జట్లు 37 అయ్యాయి. చండీగఢ్ వచ్చాక 38. కొత్త రాష్ట్రాలు రావడం న్యాయమే, ఆంధ్ర కూడా ఒకప్పుడు కొత్తదే కదా. వాటిని కలుపుకునే పద్ధతి మాత్రం ఏటా కొత్త రూపం ఎత్తింది. 2024 జనవరిలో ప్లేట్‌లోకి జారిన హైదరాబాద్ తరఫున తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 181 బంతుల్లో 366 కొట్టాడు. శ్రీధర్ మా మీద కొట్టినన్నే. ఆ 366కూ ఈ 366కూ మధ్య ముప్ఫై ఏళ్లలో ఆట ఎంత వేగం పుంజుకుందో, ఎదుటి జట్ల మధ్య అంతరం ఎంత పెరిగిందో రెండూ కనిపిస్తాయి.

పల్నాడులో పుట్టి పెరిగినవాడికి నియమాలు మధ్యలో మార్చడం అంటే ఏమిటో ఎవరూ బోధించనక్కర్లేదు. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్లు షరతు ప్రకారం ఏడేళ్లు అరణ్యవాసం చేసి వచ్చారు. గడువు తీరాక గురజాల మాట తప్పి రాజ్యభాగం ఇవ్వలేదు. పన్నెండో శతాబ్దంలో కారంపూడి నేల అందుకే ఎర్రబడిందని మా వీరగాథలు చెబుతాయి. జనం ఓటమిని దిగమింగుతారు, పందెం షరతు మారితే దిగమింగరు.

రంజీ షరతులు మరింత గట్టిగా కదిలింది కొవిడ్ రోజుల్లో. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆగని పోటీ 2020–21లో పూర్తిగా రద్దయింది. అదే సీజన్లో ముస్తాక్ అలీ టీ20, విజయ్ హజారే వన్డే పోటీలు జరిగాయి, ఐపీఎల్ సరేసరి. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో బోర్డు మనసులోని వరుస అప్పుడు స్పష్టంగా బయటపడింది. 2022లో ఫిబ్రవరి, మార్చిల్లో లీగ్ ఆడించి, మధ్యలో ఐపీఎల్ నడిపించి, జూన్‌లో నాకౌట్ పెట్టారు. 2024–25 నుంచి అయిదు రౌండ్లు అయ్యాక తెల్లబంతి పోటీల కోసం రంజీని ఆపి, జనవరిలో మళ్లీ మొదలెడుతున్నారు. ఆటగాళ్ల శరీరాలకు విశ్రాంతి, ఉత్తరాది పొగమంచు నుంచి తప్పించుకోవడం వంటి కారణాలున్నాయి, అవి కొట్టిపారేసేవి కావు. కానీ పాయింట్ల పట్టికలో మనవాళ్లు ఎక్కడున్నారో గుర్తుంచుకుని రెండు నెలలు ఎదురుచూడమంటే, సినిమాకు ఇంటర్వెల్ సంక్రాంతి దాకా ఇచ్చినట్టే.

ఈ గందరగోళంలోనే ఆంధ్ర జట్టు తన మంచి రోజులు చూసింది. 2023 ఫిబ్రవరి మొదట్లో ఇండోర్‌లో క్వార్టర్ ఫైనల్. ఎదుట మధ్యప్రదేశ్, అప్పటి చాంపియన్. రికీ భుయ్, కరణ్ షిండే శతకాలతో ఆంధ్ర తొలి ఇన్నింగ్స్‌లో 379 చేసింది. అవేశ్ ఖాన్ బంతికి హనుమ విహారి మణికట్టు విరిగింది. అయినా చివరి వికెట్‌గా దిగి, కుడిచేతి బ్యాట్స్‌మన్ ఎడమచేతి వాటంగా నిలబడి బంతులు ఎదుర్కొన్నాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే వచ్చాడు. మనవాళ్లు 93కే ఆలౌటై మ్యాచ్ పోగొట్టుకున్నా, ఒంటిచేత్తో బ్యాట్ ఊపుతున్న ఆ మనిషి ఫోన్ల మీద నరసరావుపేట కాలేజీ కుర్రాళ్ల దాకా వచ్చాడు. ఐపీఎల్ తప్ప మరొకటి తెలియని వాళ్లు 'రంజీ ఎప్పుడు, ఎక్కడ చూడాలి' అని అడగటం నేను విన్నది అప్పుడే.

మరుసటి ఏడాది మళ్లీ క్వార్టర్ ఫైనలే. మళ్లీ ఇండోరే, మళ్లీ మధ్యప్రదేశే. 2024 ఫిబ్రవరి 26న గెలవడానికి 170 కావాలి, మనవాళ్లు 165కు ఆలౌట్. నాలుగు పరుగుల తేడా. కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్లు ప్రభలు కడుతున్న రోజులవి, చేలల్లో మిర్చి కోతలు. కోతకు వెళ్లినవాళ్లు గట్టు మీద కూచుని ఫోన్లో స్కోరు చూసుకుంటే ఒక్కో వికెట్ పడుతోంది. రెండేళ్లు వరుసగా ఒకే ప్రత్యర్థి చేతిలో ఒకే ఊళ్లో ఓడటం ఎంత బాధాకరమో, ఆటకు అంత అవసరం కూడా. జోన్ రోజుల్లో హైదరాబాద్ మీద ఉండే కసి ఇన్నాళ్లకు మధ్యప్రదేశ్ మీద పుట్టింది. అలాంటి కసి పుట్టాలంటే ఎదుటివాడు మళ్లీ మళ్లీ ఎదురుపడాలి. గ్రూపులు ఏటా కలిపి పంచుతుంటే ఆ అవకాశం అదృష్టం మీద ఆధారపడుతుంది.

దులీప్ ట్రోఫీ కథ ఇంతకన్నా విచిత్రం. 1961–62లో జోన్ల మధ్య పోటీగా మొదలైంది. 2024 సెప్టెంబరులో జోన్లు తీసేసి ఇండియా ఎ, బి, సి, డి అని నాలుగు జట్లు చేశారు. మ్యాచ్‌లు ఎక్కువగా అనంతపురంలో, గ్రామీణాభివృద్ధి సంస్థ నిర్మించిన మైదానంలో పెట్టారు. జనం తండోపతండాలుగా వచ్చారు. రాయలసీమ ఎండలో నిలబడి చూశారు. దేశవాళీ ఆటకు ప్రేక్షకులు లేరన్న మాట ఎంత అబద్ధమో అక్కడ తేలిపోయింది. 2025 జనవరిలో విరాట్ కోహ్లీ ఢిల్లీ తరఫున రంజీ ఆడటానికి వస్తే ఉచిత ప్రవేశానికి తెల్లవారకముందే బారులు తీరారు. అనంతపురం వచ్చిన జనం ఏ జట్టు కోసం వచ్చారో అడిగితే మాత్రం చెప్పలేరు. ఇండియా సి గెలిస్తే ఎవరు సంతోషించాలి? వచ్చింది ఆటగాళ్ల కోసం, జట్టు కోసం కాదు. 2025లో మళ్లీ జోన్లకే తిరిగివచ్చారు. ఆ నాలుగు అక్షరాల జట్ల మీద ఒక్క సీజన్‌కే మోజు తీరిపోయింది.

ఆంధ్ర సంఘమే నడిపే ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌కూ ఇదే తెగులు. 2022లో మొదలైనప్పుడు బెజవాడ టైగర్స్, కోస్టల్ రైడర్స్, గోదావరి టైటాన్స్, రాయలసీమ కింగ్స్, ఉత్తరాంధ్ర లయన్స్, వైజాగ్ వారియర్స్. నాలుగేళ్లు తిరగకుండానే భీమవరం బుల్స్, అమరావతి రాయల్స్, తుంగభద్ర వారియర్స్ వంటి కొత్త బోర్డులు వేలాడాయి. జెర్సీ కొన్న కుర్రాడు మర్నాడు ఎవరికి చప్పట్లు కొట్టాలి? ఆ పేర్లలో పల్నాడు మొదటా లేదు, ఇప్పుడూ లేదు. పోటీలు చూడాలంటే మాచర్లవాడు ఎక్కువగా విశాఖకే రాత్రి రైలెక్కాలి.

ఇక ఐపీఎల్‌లో మన జట్టేది? 2009లో కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012లో మాయమైంది. ఆ స్థానంలో చెన్నై సన్ గ్రూపు సన్‌రైజర్స్‌ను దింపింది. 2025 మార్చి 30న విశాఖలో జరిగిన మ్యాచ్ గుర్తు చేసుకోండి. ఒకవైపు రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు జీఎంఆర్ సంస్థ సగం యజమానిగా ఉన్న ఢిల్లీ క్యాపిటల్స్, ఆ రోజు విశాఖే దాని సొంత మైదానం. మరోవైపు చెన్నైవాళ్ల హైదరాబాద్ జట్టు. స్టేడియంలో తెలుగువాళ్లు సగం సగం చీలిపోయారు. ఎవరిది సొంతూరో, ఎవరు పరాయో తేల్చమంటే పల్నాటి పంచాయితీ పెద్దలు కూడా చేతులెత్తేస్తారు.

ఇక్కడే కథ ఇంగ్లండ్‌కు మళ్లుతుంది. ఆ జీఎంఆర్ సంస్థే 2024లో హాంప్‌షైర్ కౌంటీని దాదాపు 12 కోట్ల పౌండ్ల విలువకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఒక ఇంగ్లిష్ కౌంటీ విదేశీయుల చేతికి వెళ్లడం అదే మొదలు. సన్ గ్రూపు లీడ్స్‌లోని 'హండ్రెడ్' జట్టు నార్తర్న్ సూపర్‌చార్జర్స్‌ను పూర్తిగా కొని, దానికి సన్‌రైజర్స్ లీడ్స్ అని పేరు మార్చింది. యార్క్‌షైర్ ముసలాయన ఇప్పుడు నారింజ రంగు చొక్కా చూసి ఏమనుకుంటాడో, డెక్కన్ చార్జర్స్ చొక్కాను పెట్టెలో దాచుకున్న గుంటూరువాడు ఊహించగలడు. దొరల ఆటను దొరల దగ్గరే తెలుగు డబ్బు కొంటోందని మురిసిపోయేవాళ్లున్నారు. ఆ మురిపెంలో నాకూ కొంత వాటా ఉంది, దాచను. కానీ కొన్న కౌంటీ ఎలాంటిదో చూడండి. అక్కడి 18 కౌంటీల్లో ఎక్కువ భాగం చందాదారుల సొత్తు. హాంప్‌షైర్ ఆ కోవలోది కాదు. అమ్మకానికి ఓటు అడగవలసిన చందాదారులు లేని చోటే అమ్మకం సులువైంది.

చందాదారులున్న చోట లెక్క వేరు. 2022లో ఆండ్రూ స్ట్రాస్ కమిటీ కౌంటీ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లను 14 నుంచి 10కి తగ్గించి, పై డివిజన్‌ను ఆరు జట్లకు పరిమితం చేయాలంది. కౌంటీల సభ్యులు సమావేశాలు పెట్టి నిలదీశారు, అది అటకెక్కింది. 2025లో మళ్లీ తగ్గించాలని చూస్తే కావలసినన్ని కౌంటీలు ఒప్పుకోలేదు. 14 మ్యాచ్‌లే మిగిలాయి. గెలిచిందెవరన్నది పక్కన పెడదాం. అడగాల్సిన మనిషి ఒకడున్నాడని, అతని చేతిలో కాగితం ఉందని పైవాళ్లకు తెలుసు.

మన దగ్గర ఆ కాగితం లేదు. బోర్డులో ఓటు రాష్ట్ర సంఘాలది, రాష్ట్ర సంఘంలో ఓటు సభ్య సంస్థలది. లోధా కమిటీ సిఫార్సులను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించాక పదవుల గడువులు, వయోపరిమితులు, రాష్ట్రానికొక ఓటు అంటూ చాలా చర్చ జరిగింది. చూసేవాడికి ఏ ఓటూ రాలేదు. ఆటగాళ్లకు మాత్రం మేలు జరిగింది, జరగవలసిందే కూడా. 2021–22 నుంచి సీనియర్ రంజీ ఆటగాడికి అనుభవాన్ని బట్టి రోజుకు 40 వేల నుంచి 60 వేల రూపాయల దాకా వస్తోంది. అందుకే మైదానంలో ఆడేవాళ్లు పద్ధతి ఎన్నిసార్లు మారినా పెద్దగా నోరెత్తరు. నోరెత్తేది బయట కూచున్నవాళ్లు, వాళ్ల మాటకు విలువ లేదు.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. అంతకుముందు తరాల కుర్రాడికి క్రికెట్ దారి అంటే గుంటూరు దారే. మాచర్ల బస్సు పిడుగురాళ్ల, సత్తెనపల్లి, మేడికొండూరు మీదుగా గుంటూరు చేరుతుంది. ఆ మేడికొండూరులో పుట్టిన ఎం.ఎస్.కె. ప్రసాద్ ఆంధ్రకు ఆడుతూ 1999లో న్యూజిలాండ్ మీద టెస్టు టోపీ పెట్టుకున్నాడు, తర్వాత జాతీయ సెలెక్టర్లకు పెద్ద అయ్యాడు. ఆయన కమిటీ 2019 ప్రపంచకప్‌కు పక్కన పెట్టిన అంబటి రాయుడూ గుంటూరులోనే పుట్టాడు. ఆ గొడవలో మావాళ్లు రెండు పక్షాలుగా చీలి ఎన్ని టీలు తాగారో! అంటే అభిమానానికి ఇక్కడ కరువు లేదు, తగాదాకూ లేదు. ఆ తగాదా పెట్టుకోవడానికి ఒక స్థిరమైన పట్టిక కావాలి. ఆంధ్ర మూడేళ్లపాటు అవే ఏడు జట్లతో ఆడాలి. అందులో హైదరాబాద్ తప్పక ఉండాలి, సాగర్ ఆనకట్టకు అటూ ఇటూ నిలబడి తిట్టుకోవడానికి. సొంతగడ్డ మ్యాచ్‌ల తేదీలూ వేదికలూ వానాకాలంలోనే ప్రకటించాలి. వాటిలో ఒక్కటైనా గుంటూరు, ఒంగోలు వైపు పెడితే, రంజీకి టికెట్ అక్కర్లేదు గనక బస్సు చార్జీ మేం పెట్టుకుంటాం.